ఇంటిపన్ను రాని ఊరికి పుస్తకం రాదా?

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. జిల్లా కేంద్రాల్లో బ్యానర్లు కడతారు, జ్యోతి వెలిగిస్తారు, బడిపిల్లలకు వ్యాసరచన పోటీలు పెట్టి చివరిరోజు బహుమతులు ఇస్తారు. ఉపన్యాసకుల్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, తెలుగునేల మీద పల్లెపల్లెకూ గ్రంథాలయం నడిచి వెళ్లిందని. వినడానికి బాగుంటుంది. మేం అడిగేది ఒక్కటే. ఆ నడక కొండ మొదట్లోనే ఎందుకు ఆగిపోయింది? సీతంపేట నుంచి పాడేరు మీదుగా చింతూరు దాకా, అటు భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు దాకా, నల్లమలలో మన్ననూరు దాకా ఎన్ని గూడేలు, ఎన్ని పెంటలు, ఎన్ని తండాలు ఉన్నాయో ఐటీడీఏలకు తెలుసు. ఒక ఆడపిల్ల నడిచి వెళ్లి, పుస్తకం తీసుకుని, చీకటి పడేలోగా ఇల్లు చేరగలిగినంత దూరంలో గ్రంథాలయం ఉన్న ఊళ్లు వాటిలో ఎన్ని? మండల కేంద్రంలో శాఖా గ్రంథాలయం ఉంటే ఉంటుంది. అక్కడికి పోవడానికి ఆ పిల్లకు ఒక పూట, రావడానికి ఒక పూట.

ఇలా అడిగితే మాకు రెండు జవాబులు వస్తాయి. మీ ఊళ్లు దూరం, దారుల్లేవు అన్నది మొదటిది. రెండోది కాస్త గొంతు తగ్గించి చెప్పేది: మీవాళ్లకు చదివే అలవాటు లేదు. రెండూ అబద్ధాలే, రెండింటి సంగతీ తర్వాత చెబుతాం. అసలు కారణం ఒక చట్టంలో, ఆ చట్టం పెట్టిన ఒక లెక్కలో ఉంది. టీచర్లలో కూడా చాలామందికి ఆ లెక్క తెలియదు. కాబట్టి ముందు అదే చూద్దాం.

మన పౌర గ్రంథాలయాలు 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద నడుస్తున్నాయి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా ఆ చట్టాన్నే తీసుకుంది. దాని ప్రకారం జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి. వాటి కింద జిల్లా కేంద్ర గ్రంథాలయం, శాఖా గ్రంథాలయాలు, గ్రామీణ గ్రంథాలయాలు, పుస్తక నిక్షిప్త కేంద్రాలు ఉంటాయి. వీటికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? గ్రంథాలయ సెస్సు నుంచి. పంచాయతీ గానీ మునిసిపాలిటీ గానీ వసూలు చేసే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు. ఆ పైసల్ని స్థానిక సంస్థ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. (వసూలు చేసిన సెస్సును కూడా జమ చెయ్యకుండా వాడుకుంటున్నారన్న ఫిర్యాదు పట్నాల మీదే ఉంది, మా మీద కాదు. అది పక్కన పెడదాం.)

ఇప్పుడు కాగితం తీసుకుని లెక్క వేయండి. అరవై గడపల గూడెం అనుకోండి. ఇంటికి ఏడాదికి 50 రూపాయలు పన్ను అనుకోండి. అందరూ కట్టేశారనే అనుకోండి. మొత్తం 3,000 రూపాయలు. దాని మీద సెస్సు 240 రూపాయలు. ఏడాదికి ఒక పుస్తకం, అదీ పలచనిదైతే రెండు. అదే విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో వంద ఫ్లాట్ల అపార్టుమెంటు ఒక్కటి తీసుకోండి. ఫ్లాటుకు 10,000 పన్ను అనుకుంటే మొత్తం 10 లక్షలు, సెస్సు 80,000. మన గూడెంలాంటివి మూడు వందల ముప్పై పైచిలుకు కలిస్తే గానీ ఆ ఒక్క భవనంతో సరితూగవు. ఈ అంకెలు మేం ఊహకు వేసినవే, మీ పంచాయతీ రసీదు పుస్తకం చూసి అసలు అంకెలు వేసుకోండి. తేడా తగ్గదు.

అంటే ఏమిటి? చట్టం పుస్తకాన్ని ఇంటి కప్పుకు కట్టేసింది. డాబా ఉన్నచోట గ్రంథాలయం, రెల్లుగడ్డి కప్పు ఉన్నచోట వారోత్సవం. ఎవరూ మనమీద పగబట్టి రాసిన చట్టం కాదది. రాసినవాళ్ల కళ్ల ముందు మైదానపు ఊరు ఉంది, కరణం ఉన్నాడు, పెంకుటిళ్లు ఉన్నాయి. కొండ వాళ్ల కళ్ల ముందు లేదు. అరవై ఏళ్లకు పైగా ఎవరూ దాన్ని కళ్ల ముందుకు తేలేదు.

కొందరు పెద్దలు దీనికి ఒక సర్దుబాటు మాట చెబుతారు. సెస్సు జిల్లా మొత్తానిదీ ఒకే ఖాతా కదా, పట్నంలో వచ్చింది కొండకు ఖర్చు పెట్టవచ్చు కదా అంటారు. పెట్టవచ్చు, చట్టం అడ్డురాదు. కానీ పన్ను కట్టిన పట్నంవాడు తన వీధిలో రీడింగ్ రూము అడుగుతాడు, కార్పొరేటరుతో అడిగిస్తాడు, పేపర్లో రాయిస్తాడు. జిల్లా గ్రంథాలయ సంస్థ ఆఫీసు కూడా అదే పట్నంలో ఉంటుంది. ఆ గుమ్మం దాకా వచ్చి అడిగే మనిషికి, మూడు బస్సులు మారాల్సిన మనిషికి మధ్య ఎవరి మాట ముందు వినపడుతుందో వేరే చెప్పాలా? పైగా 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఏజెన్సీని విడిగా అల్లూరి సీతారామరాజు జిల్లాగా చేశారు. సంతోషమే. పెద్ద పట్నమంటూ లేని ఆ జిల్లాకు, మీ సెస్సు ఎంతో మీ పుస్తకాలు అంత అన్న లెక్క పెడితే చేతిలో మిగిలేది ఎంత?

ఇక్కడే ఇంకో మాట తేల్చుకోవాలి. కట్టనివాడు అడగకూడదన్నట్టు మాట్లాడతారు కదా, మేం నిజంగా ఏమీ కట్టలేదా? మాచ్‌ఖండ్, సీలేరు నీళ్ల మీద తయారయ్యే కరెంటు ఏ ఊళ్ల మీదుగా ఏ పట్నాలకు పోతోంది? పోలవరం కోసం 2014లో ఏడు మండలాలను ఒక రాష్ట్రం నుంచి తీసి ఇంకో రాష్ట్రంలో కలిపారు, ఆ మండలాల్లో మునిగేవి ఎవరి పొలాలు, ఎవరి దేవతల చెట్లు? చింతపండు, తేనె, అడ్డాకు, కరక్కాయ ఏ రేటుకు కొన్నారు, ఏ రేటుకు అమ్ముకున్నారు? వీటిలో దేని మీదా రూపాయికి 8 పైసలు గ్రంథాలయానికి తీయరు. ఇంటి మీద మాత్రమే తీస్తారు. మా దగ్గర పెద్ద ఇల్లు లేదు. ఇచ్చిందంతా వేరే రూపంలో ఇచ్చాం.

గ్రంథాలయ ఉద్యమం పెద్దల్ని మేం తక్కువ చెయ్యం. 1914లో బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్లు జీవితాలే దానికి ఇచ్చేశారు. 1935లో కృష్ణా డెల్టాలో కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. చూడండి, రోడ్డు కోసం ఎదురుచూడలేదు. జనం కాలువ మీద తిరుగుతున్నారు కాబట్టి పుస్తకాన్ని కాలువ ఎక్కించారు. ఆ తెలివి గొప్పది. అయితే అదే కాలంలో కొండ మీద ఏం జరిగింది? గూడెం కొండల్లో నర్సీపట్నం, చింతపల్లి రోడ్డు కోసం మన తాతల చేత కూలి ఇవ్వకుండా రాళ్లు మోయించారు. ఆ వెట్టి మీద కోపమే 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషన్ దాకా వెళ్లింది. ఆదిలాబాద్ అడవుల్లో 1940లో జోడేఘాట్ కొండల్లో కొమురం భీం ప్రాణం పోయింది. మైదానంలో రీడింగ్ రూములు తెరుస్తున్న ఏళ్లు, కొండ మీద తుపాకులు దిగుతున్న ఏళ్లు ఒకటే. ఆ ఉద్యమం పక్కనే ఉన్న ఈ జనం దగ్గరికి ఎందుకు రాలేదో చరిత్రకారులు రాయాలి. రాయకపోతే మన పిల్లలే రాస్తారు.

ఇక చదివే అలవాటు లేదన్న మాట. ఆదిలాబాద్ జిల్లా నార్నూరు మండలం గుంజాల అనే గోండు ఊరు ఉంది. అక్కడి ఇళ్లలో తమ సొంత లిపిలో రాసిన చేతిరాత ప్రతులు దొరికాయి. వాటిలో పాతవి సుమారు 1750 నాటివని అంచనా. ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావు బృందం ఆ ప్రతుల్ని బయటి లోకానికి చూపించింది. 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. ఇక్కడ మనం గమనించాల్సింది వేరు. చెదలు, వాన, పొగ, వలస అన్నీ తట్టుకుని ఆ కాగితాలు అన్ని తరాలు ఎలా నిలిచాయి? ఎవరో దాచారు. ఎవరో చదివి పక్కవాళ్లకు నేర్పారు. సెస్సు లేకుండా, లైబ్రేరియన్ లేకుండా, ఒక గూడెం తన పుస్తకాల్ని తానే కాపాడుకుంది. అలాంటి జనానికి చదివే అలవాటు లేదనడానికి ధైర్యం కావాలి.

ఇంకా ఉంది. భీం చనిపోయిన మూడేళ్లకు, 1943లో మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ ప్రోద్బలంతో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు వేశారు. పిల్లలు చదివారు, వాళ్లలోంచి టీచర్లు వచ్చారు. సవర భాష కోసం గిడుగు రామమూర్తి ఏళ్ల తరబడి శ్రమపడ్డారు, 1931లో ఆయన సవర భాషా వ్యాకరణ గ్రంథం ఇంగ్లీషులో వెలువడింది. ఒడిషా వైపు మంగేయి గమాంగో 1936లో సవరకు సొంత లిపినే తయారు చేశాడు. 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వమే సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు వేయించింది. అంటే ఎప్పుడు మన భాషలో, మన చేతికి అందేలా పుస్తకం ఇచ్చారో అప్పుడు చదివాం. ఇవ్వనప్పుడు చదవలేదు. దీన్ని అలవాటు లేకపోవడం అనరు, పుస్తకం లేకపోవడం అంటారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రం మొత్తం అక్షరాస్యత 67 శాతం, ఎస్టీలది 49 శాతం. ఈ పద్దెనిమిది శాతాన్ని మన తలల్లో లోపంగా చూపించడం మానుకోవాలి.

ఆ వాచకాలు ఇప్పుడు ఎక్కడున్నాయో మీ మండల కేంద్రంలో శాఖా గ్రంథాలయం ఉంటే వెళ్లి అడిగి చూడండి. 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం మన బంజారా కుర్రాడు రమేశ్ కార్తీక్ నాయక్ రాసిన 'ధావ్‌లో' కథలకు వచ్చింది. తండాలో పుట్టిన కథ ఢిల్లీ దాకా పోయింది. తండా దగ్గరున్న గ్రంథాలయం దాకా వచ్చిందా, అడగండి. చెంచుల మీద, కొండరెడ్ల మీద, రాజగోండుల మీద హైమెన్‌డార్ఫ్ 1943 నుంచి 1948 లోపు మూడు పెద్ద పుస్తకాలు రాశారు. మన ముత్తాతలు ఏం తిన్నారో, ఎలా పెళ్లాడారో, ఏ పాట ఎప్పుడు పాడారో వాటిలో ఉంది. అవి నగరాల్లో, యూనివర్సిటీల్లో, హైదరాబాదులోని గిరిజన సాంస్కృతిక పరిశోధన సంస్థలో చూడొచ్చు. మన మీద రాసినవన్నీ మనకు దూరంగా ఉన్నాయి. మన్ననూరు కుర్రాడు తన తాత ఫోటో చూడాలంటే హైదరాబాదు బస్సెక్కాలి.

ఇప్పుడు బడి దగ్గరికి వద్దాం. టీచర్లతో కొంచెం గట్టిగానే మాట్లాడతాం. మాలోనూ టీచర్లున్నారు కాబట్టి ఆ హక్కు ఉందనుకుంటున్నాం. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో స్పష్టంగా ఉంది: ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలి, అందులో దినపత్రిక, మ్యాగజైన్లు, అన్ని సబ్జెక్టుల పుస్తకాలు, కథల పుస్తకాలు ఉండాలి. సమగ్ర శిక్ష కింద గ్రంథాలయ గ్రాంటు కూడా ఉంది. ప్రాథమిక బడికి ఏడాదికి 5,000 వరకు, పై తరగతుల బడికి 20,000 వరకు. పెద్ద మొత్తం కాదు. అయినా కొన్నేళ్లు వరసగా వస్తే ఒక బీరువా నిండుతుంది. చాలా ఆశ్రమ పాఠశాలల్లో ఆ బీరువా నిండే ఉంది. దానికి తాళం కూడా ఉంది.

ఆ తాళం ఎందుకు పడిందో మాకు తెలుసు. పుస్తకాలు స్టాకు రిజిస్టరులో ఎక్కాయి. ఇన్‌చార్జి టీచరు పేరున ఉన్నాయి. బదిలీ అయినప్పుడు లెక్కపెట్టి అప్పగించాలి. ఇరవై పుస్తకాలు తక్కువైతే ఎవరు కడతారు? ఆడిట్‌కు ఎవరు జవాబు చెబుతారు? పుస్తకం ఇంటికి తీసుకెళ్లిన పిల్లాడి ఇల్లు వానకు కారింది, పుస్తకం తడిసింది, తమ్ముడు పేజీలు చింపాడు. బీరువా తెరవని టీచరుకు ఏ మెమో రాదు. తెరిచిన టీచరుకు వస్తుంది. కాబట్టి అందరూ తెలివిగా తాళం వేస్తారు. ఇది టీచరు మనసు గట్టిదై జరుగుతున్నది కాదు, నిబంధన ఆయన్ని అలా నిలబెట్టింది. చదివి చిరిగిన పుస్తకాన్ని నష్టంగానూ, చదవకుండా చెదలు తిన్న పుస్తకాన్ని నిల్వగానూ చూపించే రిజిస్టరు మన దగ్గర నడుస్తోంది. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో ఏటా కొంత శాతం పుస్తకాలు వాడకంలో పోయినవిగా కొట్టివేసే అధికారం హెడ్‌మాస్టరుకే ఇవ్వాలి. జీవో ఒక్కటి చాలు దానికి, పైసా ఖర్చు లేదు. అడగాల్సింది ఉపాధ్యాయ సంఘాలు. పీఆర్సీ గురించి అడిగే గొంతుతోనే ఇదీ అడగాలి. ఆ జీవో వచ్చేదాకా ఏం చెయ్యాలంటే, కథల పుస్తకాలు మాత్రం బయట పెట్టండి సారూ. గుత్తి గుత్తి తాళాలు వేసుకోవడానికి బంగారం కాదు కదా అవి.

ఉద్యోగాల కోసం చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల సంగతి ఇంకో రకం. 2000లో వచ్చిన 3వ నంబరు జీవో షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు మీద మా అభిప్రాయం వేరేచోట రాస్తాం. గ్రంథాలయం విషయంలో దాని అర్థం ఏమిటంటే, ఆ రోజు నుంచి కొండ మీద ఆశ్రమ పాఠశాలలో చదివిన పిల్ల పట్నం పిల్లతో ఒకే వరసలో పరుగెత్తాలి. పట్నం పిల్లకు ఇంటి పక్క రీడింగ్ రూము ఉంది, ఫ్యాను కింద కుర్చీ ఉంది, పొద్దున్నే నాలుగు దినపత్రికలు వస్తాయి. మన పిల్లకు పేపరు మధ్యాహ్నం బస్సులో వస్తుంది, బస్సు రాని రోజు రాదు. హైదరాబాదులో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం చూసినవాళ్లకు తెలుసు, పొద్దున తలుపు తీసేసరికే ఎంతమంది నిలబడి ఉంటారో. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. అద్దె గదిలో నలుగురు పడుకుని, తల్లిదండ్రులు జీడిపిక్కలు, పసుపు అమ్మి పంపిన డబ్బుతో పట్నంలో ఉంటున్నారు. ఆ డబ్బులో సగం కూర్చోవడానికి ఒక కుర్చీ కోసం పోతోంది. ఆ కుర్చీ మన మండలంలో ఉంటే? పరుగు ఒకే వరసలో పెట్టినవాళ్లు బూట్లు కూడా ఒకేలా ఇవ్వాలి కదా.

అన్నీ ఫోనులో ఉన్నాయి, ఇంకా గ్రంథాలయం ఎందుకు అని కొత్తగా అంటున్నారు. ఉన్నాయి. జాతీయ డిజిటల్ లైబ్రరీ మంచిదే, వాడుకోండి. కానీ సిగ్నలు కోసం చెట్టెక్కే ఊళ్లు, గుట్టెక్కే ఊళ్లు మనవి. ఇంటికి ఒక్క ఫోను, అది అన్నతోపాటు కూలికి పోతుంది. చెల్లెలు దేంట్లో చదవాలి?

పరీక్షల కంటే పెద్ద విషయం ఇంకొకటుంది. మా దృష్టిలో ఏజెన్సీ గ్రంథాలయంలో మొట్టమొదట ఉండాల్సింది నవలో, గ్రూప్స్ గైడో కాదు. మన చట్టాలు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో వచ్చిన సవరణ, మనం 1/70 అని పిలుచుకునేది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని ముందుగా భావించాలని, కాదని రుజువు చేసుకోవాల్సిన బరువు అతనిదేనని అందులో ఉంది. భూమి పోగొట్టుకుని సంతలో కూలి చేస్తున్న ఎంతమందికి ఈ ముక్క తెలుసు? 1996 పెసా చట్టం, 1997 సమత తీర్పు, 2006 అటవీ హక్కుల చట్టం. అటవీ హక్కుల నియమాల్లో, కాగితాలు లేకపోయినా ఊరి పెద్దలు చెప్పిన మాటను రాసి ఇస్తే అది కూడా సాక్ష్యమే అని ఉంది. ఆ ఒక్క వాక్యం ఎవరికీ చూపించకుండా, పట్టా లేదు, రసీదు లేదు అని ఎన్ని క్లెయిములు వెనక్కి పంపారో! ఫారం ఏ వ్యక్తికి, ఫారం బీ ఊరి ఉమ్మడి హక్కులకు, ఫారం సీ ఊరి అడవి మొత్తానికి. ఈ మూడు ఫారాలు తెలుగులో, మన భాషల్లో, ఊళ్లోనే ఒక చోట దొరకాలి. చింతపల్లి అడవిలో బాక్సైట్ కోసం 2015లో 97వ నంబరు జీవో వచ్చినప్పుడు ఊళ్లన్నీ లేచాయి, చివరికి 2019లో అది రద్దయింది. ఆ జీవో నకలు సంపాదించి చదివి వినిపించినవాళ్లే ఆ పోరాటంలో మిగతావాళ్లకు కళ్లు. చదివి వినిపించే చోటు ఊళ్లో ఉంటే తర్వాతి జీవోకు అంత పరుగు ఉండదు. బహుశా అందుకే ఆ చోటు ఊళ్లోకి రావడం లేదేమో, మాకు అనుమానం.

మరి దూరం? ప్రభుత్వానికి కొండ దారి తెలియదని మాత్రం మాతో చెప్పకండి. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది. బియ్యం, ఉప్పు, నూనె తెచ్చి అమ్మే డీఆర్ డిపో, చింతపండు కొనే కాటా చాలా లోపలికే వచ్చాయి. ఉప్పు బస్తా వచ్చిన దారిలో పుస్తకాల పెట్టె రాదా? వారానికి ఒకరోజు సంతకు ఊళ్లన్నీ దిగుతాయి. కాలువల మీద జనం ఉన్నచోట పడవ నడిపినట్టు, జనం దిగే సంతలో పుస్తకాల గుడారం వేయండి. ఈ సంతలో తీసుకున్న పుస్తకం వచ్చే సంతలో ఇస్తారు. డిపాజిట్టు, గుర్తింపు కార్డు అని బెదిరించకుండా ఊరి పేరు, ఇంటి పేరు రాసుకుంటే చాలు. సంతలో అప్పు ఇచ్చే షావుకారు రాసుకునేదీ అంతే కదా, ఆయన లెక్క ఎప్పుడైనా తప్పిందా?

కేరళలో ఇడుక్కి జిల్లా ఎడమలక్కుడి అనే ముతువాన్ ఆదివాసీల ప్రాంతంలో, అడవి మధ్య టీ కొట్టు నడిపే ఒక పెద్దాయన 160 దాకా పుస్తకాలతో గ్రంథాలయం నడిపాడు. సభ్యత్వం 25 రూపాయలు, నెలకు 2 రూపాయలు. ఉన్నవన్నీ గొప్ప సాహిత్యమే, కూలి పనులు చేసే ఆదివాసీలు తీసుకెళ్లి చదివి తిరిగి ఇచ్చేవాళ్లు. ఒక ముసలాయన, ఒక టీ కొట్టు. మన రెండు రాష్ట్రాల దగ్గర ఐటీడీఏలు, గ్రంథాలయ సంస్థలు, గిరిజన సంక్షేమ శాఖలు ఉన్నాయి.

డబ్బు లేదనడానికీ లేదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలోనే ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. 2017లో తెలంగాణ దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చింది. జనాభా నిష్పత్తిలో మన నిధి మనకు ఖర్చు పెట్టాలని రాసుకున్నారు. షెడ్యూల్డు ప్రాంతాల గ్రంథాలయాలకు ఇంటిపన్ను సెస్సుతో ముడి తెంపి, తలలెక్కన ఈ నిధి నుంచి ఇవ్వండి. పుస్తకాల ఎంపిక కమిటీలో గిరిజన టీచర్లను, రచయితలను కూర్చోబెట్టండి. గ్రంథాలయం చూసుకునే పని ఊళ్లోనే డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న అమ్మాయికి ఇవ్వండి, గౌరవ వేతనమని చిల్లర చేతిలో పెట్టకుండా జీతంగా ఇవ్వండి. దాని మీద పెత్తనం గ్రామసభది కావాలి.

మన వంతు పని ఈ నవంబరులోనే మొదలుపెట్టవచ్చు. వారోత్సవాల వారంలో మీ ఊరి గ్రామసభ పెట్టించండి. తీర్మానం పొడుగ్గా ఉండనక్కర్లేదు. మా పంచాయతీ నుంచి గత మూడేళ్లలో గ్రంథాలయ సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ అయింది, మా పంచాయతీకి తిరిగి ఎంత ఖర్చు పెట్టారు అన్న మూడు ప్రశ్నలు. మా ఊరికి, లేదా మా సంతకు పుస్తక నిక్షిప్త కేంద్రం కావాలన్న ఒక కోరిక. మా భాష వాచకాలు, 1/70, పెసా, అటవీ హక్కుల చట్టం తెలుగు ప్రతులు అందులో ఉండాలన్న ఇంకో వాక్యం. కింద అందరి సంతకాలు, సంతకం రానివాళ్ల వేలిముద్రలు. ఒక నకలు జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి, ఒకటి ఐటీడీఏ పీఓకి, ఒకటి కలెక్టరుకి. ఆఫీసులో ఇచ్చేటప్పుడు మీ దగ్గరి ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. నెల దాటినా జవాబు రాకపోతే అవే మూడు ప్రశ్నలు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో మళ్లీ పంపండి. పంచాయతీ స్థాయిలో ఆ ఫీజు కూడా ఉండదు. వచ్చిన జవాబు ఏదైనా, అది చక్కగా టైపు చేసిన సున్నా అయినా సరే, గ్రామసభలో పైకి చదివి వినిపించండి.